పూరీ స్వర్గద్వార్ బజార్లో బేరం: ముందు వస్తువు, తర్వాత ధర

పూరీ వెళ్లే తెలుగువాళ్ల ప్రయాణం చాలావరకు ఒకే తీరులో సాగుతుంది. పొద్దున్నే జగన్నాథుడి దర్శనం, మధ్యాహ్నం కోణార్క, సాయంత్రం బీచ్. ఆ సాయంత్రం రెండు మూడు గంటల్లో స్వర్గద్వార్ దగ్గర దీపాల వెలుగులో కొన్నవే ఇంటికొచ్చాక షోకేసులోకీ, దేవుడి గదిలోకీ, చుట్టాల చేతుల్లోకీ చేరతాయి. "ఆరొందలు చెప్పాడు, గీచి గీచి రెండొందలకి పట్టుకొచ్చాం" అని మురిసిపోతూ చూపించే పటచిత్రం (గుడ్డ మీద చేత్తో వేసే ఒడిశా బొమ్మ) కాస్తా ప్రింటు కాగితమైతే ఆ రెండొందలూ దండగే. పూరీలో మోసపోయేవాళ్లు ఎక్కువగా బేరం రానివాళ్లు కాదు. బేరం బాగా వచ్చి వస్తువు తెలియనివాళ్లు. అందుకని ఇందులో ధర గురించి తక్కువ, వస్తువు గురించి ఎక్కువ ఉంటుంది.

ఎవరి దగ్గర, ఏ వేళకి

స్వర్గద్వార్ అంటే సముద్రం ఒడ్డునే ఉన్న శ్మశానం. బజారు దాన్ని ఆనుకునే ఉంటుంది. అటువైపు ఫోన్ ఎత్తి ఫొటోలు తీయకండి. దానికి అటూ ఇటూ రోడ్డు పొడవునా అమ్మేవాళ్లు నాలుగు రకాలు: షట్టర్ ఉన్న దుకాణాలు, తోపుడు బండ్లు, ఇసుకలో పట్టా పరుచుకుని కూర్చునేవాళ్లు, చేతిలో పెట్టె పట్టుకుని కుర్చీల మధ్య తిరిగేవాళ్లు. దుకాణంలో ధర కాస్త ఎక్కువే అయినా రేపు మళ్లీ వెళ్లి "ఇది పగిలింది" అని అడగడానికి మనిషంటూ ఉంటాడు. బండి రేపూ అక్కడే ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తిరిగేవాడు పది నిమిషాల్లో జనంలో కలిసిపోతాడు. కాబట్టి వంద రూపాయలు దాటిన వస్తువు తిరిగేవాళ్ల దగ్గర కొనకపోవడం మంచిది. ముత్యాలైతే అసలే వద్దు, ఆ సంగతి కింద రాస్తాను.

బజారు ఎండ తగ్గాక, నాలుగున్నర ఐదింటికి మొదలై ఏడు నుంచి తొమ్మిది దాకా కిక్కిరిసిపోతుంది. చాలామంది ఆ కిక్కిరిసిన వేళకే వెళ్తారు, అదే పొరపాటు. తెల్లటి ఎల్‌ఈడీ దీపం కింద గాజు పూస కూడా ముత్యంలా మెరుస్తుంది, గుడ్డ రంగు ఒకటికి రెండుగా కనపడుతుంది, శంఖంలో సన్నటి చీలిక కనపడనే కనపడదు. వెలుతురు ఉండగానే, ఐదింటికి, ఒక చుట్టు తిరిగి చూసుకోండి. అప్పుడు అమ్మేవాళ్లకీ తీరిక ఉంటుంది, నాలుగు మాటలు మాట్లాడతారు. బోణీ పట్టింపు మన దగ్గరలాగే అక్కడా ఉంది. మొదటి బేరాన్ని పోగొట్టుకోవడం ఇష్టం ఉండదు కాబట్టి ఆ గంటలో ధర కొంచెం మెత్తగా ఉంటుంది. ఒక షరతు మాత్రం ఉంది. బోణీ వేళ ధర అడిగి, వాడు ఒప్పుకున్నాక "వద్దులే" అని వెళ్లిపోతే తిట్లు తప్పవు. తప్పు మనదే కూడా.

రథయాత్ర, దసరా సెలవులు, డిసెంబరు చివరి వారాలు, శని ఆదివారాలు ధరలు దిగవు. కోల్‌కతా నుంచి రాత్రి బండెక్కితే తెల్లారేసరికి పూరీ, అందుకే బెంగాలీ యాత్రికులతో బజారు నిండిపోతుంది. అక్కడి బేరాల భాష కూడా ఒడియా తర్వాత బెంగాలీ, హిందీలే. వానాకాలంలో రథయాత్ర హడావుడి అయిపోయాక, వారం మధ్యలో వెళ్తే అదే బండి దగ్గర అదే వస్తువు మరో ధరకి దొరుకుతుంది.

శంఖాలు

పూరీలో మనవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది శంఖాల మీదే. ముందు ఒక మాట: పూజకీ ఊదడానికీ వాడే శంఖాలు చాలావరకు పూరీ సముద్రానివి కావు. తమిళనాడు వైపు, మన్నార్ సింధుశాఖలో, తూత్తుకుడి రామేశ్వరం తీరాల్లో దొరికేవి. "ఇక్కడి సముద్రంలోదే, నిన్న వలలో పడింది" అన్న మాటకి అదనంగా రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు.

ఊదే శంఖం కొనాలంటే ఊది చూడాల్సిందే. అమ్మేవాడు ఊదితే ఏ శంఖమైనా మోగుతుంది, వాడికి అలవాటు. మీ ఇంట్లో ఊదేవాళ్లే ఊదాలి. మొన కోసి తీసిన రంధ్రం అంచు నున్నగా ఉందా, పెదవికి గీరుకుంటోందా వేలితో తడిమి చూడండి. రంధ్రం మరీ పెద్దదైతే ఊపిరి సరిపోదు, మరీ సన్నమైతే గాలి బిగుసుకుపోతుంది. అదే సైజువి రెండు మూడు చేతిలో పెట్టుకుని చూస్తే బరువైనదే గట్టి గోడ ఉన్నది, నాదం కూడా దానికే నిండుగా ఉంటుంది. తర్వాత ఫోన్ టార్చి వెలిగించి శంఖం నోట్లో పెట్టండి. గోడలోంచి వెలుగు గులాబీ రంగులో సమంగా రావాలి. ఎక్కడైనా సన్నటి గీత వెలిగితే చీలిక, మసక మచ్చ కనిపిస్తే లోపల మైనమో పుట్టీయో పెట్టి పూడ్చిన చోటు. మల్లెపువ్వులా మరీ తెల్లగా ఉండి, వేలితో రుద్దితే సుద్దలా పొడి అంటుకుంటే యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంచారన్నమాట. దాని పైపొర పోయింది, నాలుగేళ్లకి గరుకుబారుతుంది. నోటి దగ్గర వాసన చూడటం మరిచిపోకండి. లోపలి మాంసం పూర్తిగా పోకపోతే బస్సులో మీ పక్క సీటువాళ్లే చెబుతారు.

ఇక దక్షిణావర్త శంఖం. చుట్లు తిరిగిన కొన పైకి, నోరు మన వైపు ఉండేలా పట్టుకుంటే మామూలు శంఖానికి నోరు కుడి పక్కన ఉంటుంది. దక్షిణావర్తానికి ఎడమ పక్కన. (పూజలో కొన కిందికి ఉండేలా చూస్తారు కాబట్టి అప్పుడది కుడి అవుతుంది.) పూజకి వాడే జాతిలో అలా ఎడమకి తిరిగింది దొరకడం చాలా చాలా అరుదు. మరి బండి మీద బుట్ట నిండా ఎలా ఉంటాయి? అమెరికా తూర్పు తీరంలో, మెక్సికో సింధుశాఖలో లైట్నింగ్ వెల్క్ అనే నత్త ఉంది. దానికి పుట్టుకతోనే నోరు ఎడమ వైపు ఉంటుంది. ఆ గుల్లనే తెప్పించి దక్షిణావర్తమని అమ్ముతారు. తేడా పట్టడం తేలిక: నోటి లోపల, మధ్య కాండం మీద వేలు పోనివ్వండి. అసలు శంఖానికి అక్కడ మూడు నాలుగు మెట్లలాంటి మడతలు గట్టిగా తగులుతాయి. ఆ వెల్క్‌కి నున్నగా ఉంటుంది. మడతలు తగలకపోతే అది అందమైన గుల్ల, అంతే. గుల్ల ధరకి ఇస్తే తీసుకోవచ్చు, శాస్త్రం పేరు చెప్పి వేలల్లో అడిగితే నవ్వి ముందుకు నడవండి.

గవ్వలు, గుల్లలు, అలంకారానికి పెట్టుకునేవి కొనేటప్పుడు చట్టం గుర్తుంచుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001లో పగడాలు, సముద్రపు గుర్రాలు, కొన్ని జాతుల గుల్లలు చేరాయి. నాటిలస్ అనే చుట్టలా తిరిగిన గుల్ల, జెయింట్ క్లామ్ అనే పెద్ద రెండు రెక్కల చిప్ప, హార్న్డ్ హెల్మెట్ అనే పెద్ద బొద్దు గుల్ల, ట్రిటన్ ట్రంపెట్ అనే పొడవాటి గుల్ల అందులోవే. పూజ శంఖం మాత్రం ఆ జాబితాలో లేదు. ఎండబెట్టిన సముద్రపు గుర్రం, తెల్ల పగడపు కొమ్మ, తాబేటి చిప్పతో చేసింది ఏదైనా సరే, ఎంత చవగ్గా ఇస్తానన్నా ముట్టుకోకండి. "అందరూ కొంటున్నారు" అన్న మాట రైల్వే స్టేషన్లోనో ఎయిర్‌పోర్టులోనో పట్టుబడ్డప్పుడు పనికిరాదు.

ముత్యాలు, వెండి

ఇది తొందరగా తేల్చేస్తాను. ఇసుకలో కూర్చుంటే ఒకడు వచ్చి, చెవిలో చెప్పినట్టు "అసలు మోతీ" అంటాడు. కొందరైతే మీ కళ్లముందే ఆలిచిప్ప తెరిచి అందులోంచి ముత్యం తీస్తారు. చిప్పలో ముందే పెట్టి అంటించి తెచ్చే ముత్యమది. పంటి అంచు మీద మెల్లగా రుద్దితే అసలు ముత్యం సన్నటి ఇసుకలా గరగరలాడుతుంది, గాజు, ప్లాస్టిక్ జారిపోతాయి. దండలో పూసల రంధ్రం దగ్గర చూడండి, పైపూత పొరలుగా లేస్తుంటే లోపల గాజే. అన్నీ ఒకే సైజు, ఒకే మెరుపు, ఒకే గుండ్రనా? అలాంటిది ప్రకృతి వందల్లో ఇవ్వదు. హైదరాబాద్ నుంచి వెళ్లి, ముత్యాలకి రంధ్రాలు వేసి ఊరూరా అమ్మే నగరం నుంచి వెళ్లి, పూరీ ఇసుకలో ముత్యాలు కొనడం ఏమిటో నాకైతే అర్థం కాదు. గాజు పూసల దండ అని తెలిసి, గాజు పూసల ధరకి, పిల్లల కోసం కొంటే తప్పేం లేదు.

కటక్ వెండి తీగపని, వాళ్లు తారకసి అంటారు, చాలా గొప్ప పని. దానికి 2024లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకుకి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. కానీ అది బండి మీద దొరికే సరుకు కాదు. బండి మీద వెండి అంటే తెల్ల లోహమనే లెక్క. తీగపని కావాలంటే రసీదు, హాల్‌మార్కు ఇచ్చే దుకాణానికి వెళ్లండి.

పటచిత్రం, తాటాకు

పూరీలో కొని తీరాల్సినది ఏదైనా ఉందంటే ఇదే. అందుకే నకిలీలు కూడా దీనికే ఎక్కువ. చేసే తీరు తెలిస్తే నకిలీని పట్టడం సులువు. పాత నూలు గుడ్డ రెండు పొరలు చింతగింజల జిగురుతో అతికిస్తారు. దాని మీద సుద్దపొడి, జిగురు కలిపిన పూత రెండు వైపులా వేసి ఆరబెట్టి, రాళ్లతో నున్నగా మెరుగుపెడతారు. అలా తయారైన గుడ్డ మీద ముందు చుట్టూ అంచులు, తర్వాత బొమ్మలు, రంగులు, చివర్న సన్నటి నల్ల గీతలు. శంఖం పొడితో తెలుపు, ఇంగిలీకం రాతితో ఎరుపు, అరిదళం రాతితో పసుపు, దీపపు మసితో నలుపు. పైన లక్క పూత.

అసలు పటం వెనక్కి తిప్పితే గుడ్డ నేత కాస్త కనపడుతుంది, తోలులా బిగువుగా ఉంటుంది, రంగు మీగడలా ఉంటుంది. ఫోన్ కెమెరా జూమ్ చేసి కన్ను గీతనో నగల చుక్కలనో చూడండి. చేత్తో గీసిన గీత మొదట్లో ఒక మందం, చివర్న మరో మందం, కుంచె ఎత్తిన చోట సన్నబడుతుంది. ప్రింటైతే రంగు చుక్కచుక్కలుగా విడిపోతుంది. మూడో రకం ఒకటుంది, అదే ఎక్కువమందిని బోల్తా కొట్టిస్తుంది: గీతలు ప్రింటు, రంగులు చేత్తో నింపినవి. అదే బొమ్మవి రెండు పటాలు పక్కపక్కన పెట్టమని అడగండి. గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్కలాగే ఉంటే గీసింది యంత్రమే. 2008లో ఒడిశా పటచిత్రానికి జీఐ గుర్తింపు వచ్చింది నిజమే, దుకాణదారు ఆ మాట తప్పకుండా చెబుతాడు. కానీ ఆ గుర్తింపు కళకి, మీ చేతిలో ఉన్న బొమ్మకి కాదు.

తాటాకు బొమ్మలకి పరీక్ష ఇంకా తేలిక. మన పెద్దలు తాళపత్రాలు రాసినట్టే వాళ్లూ గంటంతో ఆకు మీద గీసి, ఆ గాట్లలోకి మసి రుద్దుతారు. గోటి కొనతో మెల్లగా తడిమితే గాటు తగలాలి. తడి వేలితో తుడిస్తే పైన ఉన్నది పోయినా గాట్లో నలుపు పోకూడదు. గాటు లేకుండా నున్నగా ఉంటే అచ్చు కొట్టింది. ఆకుల్ని కలిపిన దారం ముడులు కూడా చూడండి, మడతపెట్టే చోట చిట్లిందేమో చూడండి.

మీకు ఒక పూట ఉంటే ఈ రెండూ బీచ్‌లో కొనొద్దు. పూరీ నుంచి భువనేశ్వర్ దారిలో చందన్‌పూర్ దగ్గర రఘురాజ్‌పూర్ ఉంది, పది పన్నెండు కిలోమీటర్లు. ఊళ్లో ఇల్లిల్లూ చిత్రకారులదే. 2000లో మన కళల, కట్టడాల వారసత్వాన్ని కాపాడే ఇంటాక్ సంస్థ దాన్ని వారసత్వ గ్రామంగా తీర్చిదిద్దింది. ఒడిస్సీ గురువు కేలూచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు కూడా అదే. అక్కడ బేరం తీరు వేరు. "సగానికి ఇస్తావా" అని అడిగే చోటు కాదది. ఇది గీయడానికి ఎన్ని రోజులు పట్టింది, బొమ్మలెన్ని, రంగులు రాతివా డబ్బావా అని అడగండి. రోజుల లెక్క విన్నాక ధర సబబో కాదో మీకే తెలుస్తుంది. అదే పనితనంలో చిన్న సైజు అడగడం అక్కడ మర్యాదైన బేరం. రెండు మూడు కొంటే పదో పదిహేనో శాతం వాళ్లే తగ్గిస్తారు. మొదటి ఇంట్లోనే కొనేయకుండా వీధి చివరిదాకా నడవండి. ఆటోవాడు "మా వాడి ఇల్లు" అని చేయిపట్టి తీసుకెళ్లే గడప మాత్రం చివర్న చూడండి, అక్కడ ధరలో అతని వాటా ఉంటుంది.

గుడ్డ, రాయి, కర్ర

సంబల్‌పురి పేరుతో బండ్ల మీద వేలాడే చున్నీలు, డ్రెస్ ముక్కలు చాలావరకు ప్రింటువే. పోచంపల్లి చూసిన కళ్లకి ఇది చెప్పాల్సిన పని లేదు: నూలుకే రంగు కట్టి నేసిన గుడ్డ కాబట్టి రెండు వైపులా ఒకే రంగు, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి. చివరి నుంచి ఒక పోగు లాగి చూస్తే ఆ పోగులోనే రంగులు మారాలి. ప్రింటుకి వెనకవైపు వెలిసిపోయి ఉంటుంది. అసలు చీర కొనాలంటే బోయనికా అనే ప్రభుత్వ చేనేత సహకార దుకాణంలో చూడండి. హస్తకళలకి ఉత్కళిక ఉంది. అక్కడ ధర రాసి ఉంటుంది, బేరం ఉండదు. ఏమీ కొనకపోయినా బజారుకి వెళ్లేముందు ఆ ధరలు ఒకసారి చూసి రావడం మంచి పని. మీ చేతిలో కొలబద్ద ఉన్నట్టే.

పిపిలీ అనే ఊరి అతుకుల కుట్టు సంచులు, గొడుగులు, వేలాడే దీపపు గుడ్డలు బీచ్‌లోనూ దొరుకుతాయి. తడి తెల్ల రుమాలుతో ఎరుపు ముక్కనీ నలుపు ముక్కనీ రుద్దండి. రంగు అంటితే ఒక్క వానకే సంచి పాడు. అద్దాలు దారంతో కుట్టినవా, జిగురుతో అంటించినవా వేలితో కదిపి చూడండి. వెనక కుట్టు అచ్చంగా ఒకే కొలతలో ఉంటే మిషన్ పని. అది తప్పు కాదు గానీ చేతిపని ధర ఇవ్వకండి. భువనేశ్వర్ నుంచి కారులో వస్తుంటే పిపిలీ దారిలోనే. డ్రైవర్‌కి ముందే చెప్పి బజార్లో ఆపించుకుంటే రకాలు అక్కడే ఎక్కువ.

కోణార్క చక్రాలు, దేవుడి విగ్రహాలు ఎక్కువగా బలపం రాతివి. మెత్తటి రాయి, గోరు గీత పడుతుంది, అది లోపం కాదు. చూడాల్సింది అచ్చుపోసిన బొమ్మా, చెక్కిన బొమ్మా అని. రాతిపొడి, జిగురు కలిపి అచ్చులో పోస్తే పక్కన సన్నటి అతుకు గీత, సూదిమొన అంత గాలి రంధ్రాలు ఉంటాయి. పది బొమ్మలు ఒకేలా ఉంటాయి. చెక్కినదాన్లో ఉలి పడిన గుర్తులు చక్రం ఆకుల (చువ్వల) మధ్య, మూలల్లో దొరుకుతాయి. చక్రం ఆకు ఏదైనా విరిగితే అదే రాతిపొడితో అతికిస్తారు. తడి గుడ్డతో తుడిస్తే అతికిన చోటు రంగు వేరుగా తేలుతుంది. జగన్నాథ బలభద్ర సుభద్రల కర్ర బొమ్మలు "గుళ్లో లాగే వేపకర్ర" అంటారు. గుళ్లో మూర్తులు వేపకర్రవే, బజారువి ఏదో తేలిక కర్ర. కింద రంగు వేయని చోట సన్నటి రంధ్రాలు, పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగుంది, వద్దు.

ఇక బేరం

ముందు ఒక చుట్టు తిరిగి, ఒకే వస్తువు మూడు చోట్ల అడగండి. అప్పుడు కొనకండి. "కేతే?" అంటే చాలు, ఎంత అని. ఆ మూడింటిలో తక్కువ చెప్పినవాడి దగ్గర బేరం మొదలుపెట్టండి. ఎక్కువ చెప్పినవాడిని కిందికి దింపడం వృథా శ్రమ.

ఉదాహరణకి ఒక గోడ అలంకారం 600 చెప్పాడనుకోండి. దానికి మీరు మనసులో 350 దాకా ఇవ్వొచ్చని ముందే అనుకోండి. 250 దగ్గర మొదలుపెట్టండి. తర్వాత 300, తర్వాత 330, తర్వాత 340. అంకెల మధ్య దూరం తగ్గుతూ పోవాలి, అమ్మేవాడు చూసేది దాన్నే. 250, 350, 450 అని వందలు పెంచుకుంటూ పోతే ఇంకో వంద కూడా వస్తుందని వాడికి తెలిసిపోతుంది. "టికే కమ్ కరంతు" అంటే కాస్త తగ్గించండి అని. మగవాళ్లయితే భాయీ, పెద్ద వయసు ఆవిడైతే మావుసీ అని పిలిస్తే మాట మెత్తబడుతుంది. వస్తువుని తీసిపారేస్తూ మాట్లాడే పద్ధతి, "ఇదేం బాగుంది, మా ఊళ్లో యాభైకి ఇస్తారు" అనడం, పూరీలో పనిచేయదు. అలా అంటే "అయితే మీ ఊళ్లోనే కొనుక్కోండి" అంటారు.

కుదరకపోతే నడిచి వెళ్లండి, నిజంగానే. మూడో అడుగులోనే పిలిస్తే మీరు చెప్పిన ధర వాడికి హాయిగా గిట్టుబాటైందన్నమాట. పదిహేను అడుగులు దాటాక పిలిస్తే దాదాపు వాడు దిగగలిగిన ఆఖరి ధర. అసలు పిలవకపోతే మీ అంకె వాడి కొన్న ధరకన్నా తక్కువ. పక్క బండిలో ఇంకో ఇరవై కలిపి అడగండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: మీరు చెప్పిన ధరకి వాడు సరే అంటే తీసుకోవాల్సిందే.

అన్నిటికీ ఒకే కొలత పెట్టకండి. కీచైన్లు, గవ్వల దండల్లాంటి చిన్నవి అన్ని బండ్లకీ ఒకే చోటి నుంచి టోకున వస్తాయి. వాటిలో తగ్గేది తక్కువ, కొసరు అడగడం మేలు. ఆరు కొంటే ఒకటి ఉత్తినే అనండి, ఇస్తారు. గోడ అలంకారాలు, గవ్వల అద్దాలు, "పురాతన" ఇత్తడి వస్తువులు, వీటికి చెప్పే ధర గాల్లో మేడ, సగానికి దిగువన మొదలుపెట్టినా తప్పు లేదు. టీ, మొక్కజొన్న కంకి, ఖాజా లాంటి తిండి వస్తువులకి బేరం లేదు. కుర్చీ అద్దె మాత్రం కూర్చోకముందే, గంటకా ఎంతసేపైనానా అని తేల్చుకోండి.

కుటుంబంతో వెళ్తే ఒక్కరే మాట్లాడాలి. వెనక నుంచి పిన్ని "బావుంది, తీసేసుకో" అంటే ఆ మాట తెలుగులో అన్నా మొహం చూస్తే అర్థమైపోతుంది. పిల్లాడి చేతికి వస్తువు ఇచ్చాక బేరం లేదు. అమ్మేవాళ్లకి అది తెలుసు కాబట్టే ముందు పిల్లాడికే ఇస్తారు.

డబ్బుల విషయం. పదులు, ఇరవైలు, యాభైలు విడిగా జేబులో పెట్టుకోండి. 340కి కుదిరాక ఐదొందల నోటు తీస్తే "చిల్లర లేదు, ఇంకోటి తీసుకోండి" అనే రెండో బేరం మొదలవుతుంది. యూపీఐ చాలా బండ్ల దగ్గర ఉంది గానీ రద్దీ వేళ నెట్ ఆగిపోతుంటుంది. డబ్బు వెళ్లిందో లేదో తేలకముందే మళ్లీ పంపకండి. ఆఖరి జాగ్రత్త ప్యాకింగ్. మీరు ఎంచినదాన్ని పక్కన పెట్టి, కింద నుంచి "కొత్త పీసు" తీసి కాగితంలో చుట్టేస్తారు. నేను చూసిందే చుట్టు అని అడిగి, చుట్టేదాకా కన్ను దాని మీదే పెట్టండి.

కొన్న సంచులతో గుడికి మాత్రం వెళ్లకండి. జగన్నాథ ఆలయంలోకి ఫోన్లు, తోలు వస్తువులు, తోలు బెల్టు, పర్సుతో సహా పనికిరావు. సామాను లెక్కలతో దర్శనం పాడవుతుంది. దర్శనం అయ్యాకే బజారు.

ఎండు చేపలు, ఖాజా, ఇంటిదాకా తేవడం

బీచ్ వెంట ఈశాన్యంగా పోతే పెంథకటా వస్తుంది, జాలరుల పేట. అక్కడ ఉన్నవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే మత్స్యకారులే, ఆంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు. బీచ్‌లో కోసు టోపీలు పెట్టుకుని స్నానాలు చేయించే నూలియాలు కూడా వాళ్లే. పొద్దున్నే పడవలు వచ్చే వేళ అక్కడ చేపల బేరం శుభ్రంగా తెలుగులోనే చేసుకోవచ్చు. పూరీ మొత్తంలో తెలుగుకి ధర తగ్గే చోటు ఇదొక్కటే. ఎండు చేప వంచి చూడండి, మెత్తగా వంగిపోతే తడి ఉంది, నాలుగు రోజుల్లో బూజు. ముక్కు మండే వాసన వస్తే పాతది. ఉప్పు మీద గులాబీ రంగు పొర కనిపిస్తే చెడిపోవడం మొదలైంది. తూకానికి ముందు దులపమనండి, ఇసుకకీ ఉప్పుకీ చేప ధర ఇవ్వక్కర్లేదు. తెచ్చేటప్పుడు రెండు ప్లాస్టిక్ కవర్లు, పైన మూత బిగుసుకునే డబ్బా. లేకపోతే మీ బట్టలన్నీ అదే వాసన.

ఖాజా చూడటానికి మన తాపేశ్వరం మడత కాజాకి అక్కలా ఉన్నా ఇది పొడిగా, పొరలుగా విరుగుతుంది. ఒకటి విరిచి చూడండి: పొరలు విడిపోవాలి, మధ్యలో పాకం ముద్దగా ఉండకూడదు, పాత నూనె వాసన రాకూడదు. పెట్టె బరువు తీసేసి తూయమనండి. అట్టపెట్టెలో తెస్తే ఊరు చేరేసరికి పొడే మిగులుతుంది. స్టీలు డబ్బానో గట్టి ప్లాస్టిక్ డబ్బానో వెంట తీసుకెళ్లండి.

పటచిత్రాన్ని ఎప్పుడూ మడవకండి, సుద్ద పూత పగిలి గీత పడుతుంది. బొమ్మ బయటివైపు ఉండేలా వదులుగా, లావుపాటి గొట్టం మీద చుట్టి, పైన కాగితం చుట్టండి. బొమ్మ లోపలివైపు ఉండేలా చుడితే రంగు పొర నలిగి, విప్పేటప్పుడు పగుళ్లు వస్తాయి. రాతి చక్రాన్ని పడుకోబెట్టకుండా నిలువుగా, చుట్టూ తువ్వాళ్లు కూరి, చేతి సంచిలోనే తెచ్చుకోండి. బెర్త్ కిందకి తోసే సూట్‌కేసులో పెడితే ఆకులు విరుగుతాయి. గవ్వలు, శంఖాలు ఇంటికి రాగానే ఒక రాత్రి మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో లోపలి చుట్లు కడిగి, నీడలో ఆరబెట్టండి. గవ్వల అద్దాల్లాంటి జిగురుతో అంటించినవాటిని మాత్రం నానబెట్టకండి, పొడి బ్రష్షు చాలు.